దానమ్మ అరెకరం ఉప్పు

చవిటిమెరకలో దానమ్మకి రోజు మంచినీళ్ళతో మొదలయ్యేది. తెలవారుతుండగానే నెత్తిమీద ఒక బిందె, చంకలో ఒక కుండ పెట్టుకుని, మామిడికుదురు వైపు పోయే పంటకాలవ దాకా మైలున్నర నడిచేది. వెళ్ళేటప్పుడు గట్టిగా తిట్టేది, వచ్చేటప్పుడు నీళ్ళు తొణక్కుండా మెల్లిగా తిట్టేది. ఎవర్ని తిడుతోందో ఆవిడకే సరిగ్గా తెలీదు. కొన్నాళ్ళు కాలవని, కొన్నాళ్ళు సర్కారుని, మిగతా రోజులు చచ్చిపోయిన మొగుణ్ణి.

ఇంటి వెనకాల నుయ్యి లేకపోలేదు. ఆ నీళ్ళతో పప్పు ఉడకదు, సబ్బు నురగదు, నోట్లో పోసుకుంటే మొహం ముడుచుకుపోతుంది. ఆ నేలే అలాంటిది. ఎండాకాలం వస్తే పైన తెల్లగా పొక్కు కట్టేది. గరిక కూడా ఆలోచించుకుని మొలిచేది అక్కడ.

దానమ్మ మొగుడు నతానియేలు పెద్ద కామందుగారి దగ్గర పద్నాలుగేళ్ళు పాలేరుతనం చేసేడు. చేసి చేసి నడుం పోయేక ఒకరోజు ఆ పెద్దాయన పిలిచి, "ఆ చవిటి అరెకరం నీదేరా, గుడిసె వేసుకో" అన్నారు. కాగితం రాయమని ఇతను అడగలేదు, రాయాలని ఆయనకి తోచలేదు. అలాంటి నేలకి కాగితమంటే కాకికి బొట్టు పెట్టడమే కదా. తర్వాత పెద్దాయన పోయేరు. ఆ వెనకే నతానియేలూ పోయేడు. దానమ్మ మిగిలింది, కూతురు రూతు మిగిలింది.

రూతు మిషను బడిలో చదువుకుంది. ఏటా వేసవికి తల్లి చెబుతుంటే అర్జీ రాసేది: పేటలో మంచినీళ్ళు లేవు, దయచేసి బోరు వేయించవలెను. కింద దానమ్మ వేలిముద్ర. ఆరేళ్ళు రాసేరు. ఏడో ఏడు, అంటే యాభై ఒకటో సంవత్సరం వేసవిలో, సర్కారు వారు నిజంగానే బోరు మేస్త్రీని పంపించేరు.

దానమ్మ అరెకరంలోనే, గుడిసె పక్కన పదిరోజులు తవ్వేడు మేస్త్రీ. పదకొండో రోజు గొట్టం పైకి తీస్తే తెల్లటి రాయి వచ్చింది, పటికబెల్లం ముక్కలా. మేస్త్రీ అటు చూసేడు, ఇటు చూసేడు, నాలికతో నాకేడు.

"నీళ్ళు పడ్డాయా బాబూ?" అనడిగింది దానమ్మ.

"ఉప్పు పడిందమ్మా."

"ఉప్పా?"

"రాతి ఉప్పు. ఎంత దిగినా అదే."

దానమ్మకి తల తిరిగిపోయింది. "ఉప్పు కావాలని ఎవరడిగేరయ్యా? ఉప్పు నా నూతిలో ఉంది, నా గోడల్లో ఉంది, నా మొగుడి చెమటలో ఉండేది. రూతూ! అర్జీలో ఏం రాసి తగలెట్టేవే?"

"నీళ్ళనే రాసేనమ్మా."

"మరి నీ దస్తూరీ వాళ్ళకి అలా కనపడిందేమో!"

ఆ తర్వాత దొరలు వచ్చేరు, జీపులు వచ్చేయి, అద్దాల బుడ్లలో రాతిముక్కలు వేసుకుని పట్నాలు తీసికెళ్ళేరు. రెండొందల అడుగుల కింద, చవిటిమెరక మొదలుకుని సముద్రం వైపు ఎంతవరకో ఉప్పు దిమ్మ పరుచుకుని ఉందని తేల్చేరు. ఆ వెనకాలే కంపెనీ వచ్చింది. కంపెనీ ఎవరితో మాట్లాడాలని వాకబు చేస్తే, పెద్ద కామందుగారి కొడుకు బంగారరాజుగారు తెల్లటి కండువా సవరించుకుని ముందుకు వచ్చేరు.

"ఆ చుట్టుపక్కల భూమంతా మాదేనండి. ఆ మూల గుడిసె అంటారా, అదేదో పాలేరు మనిషి, దయతలచి ఉండనిచ్చేం. కావలసినప్పుడు తీసేద్దాం."

అలా కౌలు రాసిచ్చేరు. గుడిసె మూలన ఉండిపోయింది. దాని చుట్టూ కంపెనీ మొలిచింది.

ఆ బోరులోంచే నీళ్ళు లోపలికి తోసి, ఉప్పునీరుగా పైకి లాగి, కళ్ళమంత ఇనప పెనాల్లో కాచేవారు. కాచడానికి మొదట సముద్రపొడ్డు సరుగుడు తోటలు కొట్టుకొచ్చేరు. అవి చాలక కొబ్బరి డొక్కలు కాల్చడం మొదలెట్టేరు. డొక్కలన్నీ పొయ్యిలోకి పోయేసరికి పీచు తీసి తాళ్ళు పేనే ఆడవాళ్ళకి పని పోయింది. వాళ్ళే మళ్ళీ కంపెనీలో గోనెలు కుట్టడానికి వచ్చేరు. సముద్రం దగ్గర మళ్ళల్లో ఉప్పు పండించేవాళ్ళు ఆరునెలలు చూసి, పారలు భుజాన వేసుకుని వాళ్ళూ ఇక్కడికే వచ్చేరు. కాలవలో ధాన్యం పడవలు తగ్గేయి, ఉప్పు పడవలు పెరిగేయి. చేపలు ఎండబెట్టేవాళ్ళకి ఉప్పు చవకైంది. కమ్మరికి పెనాలకి మాట్లు వేయడంతోనే తెల్లారిపోయేది, నాగలి కర్రు అడిగితే కసిరేవాడు. మామిడికుదురు సంత రెండింతలైంది. రెండు కాఫీ హోటళ్ళు, ఒక సైకిలు షాపు వచ్చేయి. రాజోలు, కొత్తపేట, ద్రాక్షారామం, అటు పైన రాజమండ్రి దాకా వంటింట్లో ఏ జాడీ మూత తీసినా చవిటిమెరక ఉప్పే.

దానమ్మకి వచ్చింది మాత్రం పొగ. ఆరేసిన చీర మీద మసి, పొద్దస్తమానం పంపు చప్పుడు. మంచినీళ్ళకి మైలున్నర అలాగే ఉంది.

కంపెనీ పెట్టిన మూడో నెలలో ఒక పొద్దున్న దానమ్మ బిందె తీసుకుని బయటికి వచ్చేసరికి, వాకిట్లో కంపెనీ గుమాస్తా సత్యనారాయణమూర్తిగారు నిలబడి ఉన్నారు. ఉతికిన పంచె, నుదుట విభూతి, చేతిలో చీపురు.

"ఏంటండీ బాబూ ఇది?"

"ఏం లేదండీ దానమ్మగారూ. నిన్న మజ్జిగన్నంలో ఉప్పు కలుపుకున్నానండి. కంపెనీదే."

"అయితే?"

"అయితే ఏముందండీ, తిన్నాం కదా. పొద్దున్న లేచేసరికి కాళ్ళు ఇటు వచ్చేయండి. ఎటునుంచి ఊడవమంటారు?"

"మీకు ఊడవడం వచ్చా?"

"రాదండి. మా ఇంట్లో మా ఆవిడ ఊడుస్తుందండి."

గాలికి ఎదురుగా ఊడ్చి, దుమ్మంతా ఇంట్లోకి తోసి, చీపురు గోడకి తలకిందులుగా ఆనించి, నమస్కారం పెట్టి ఆఫీసుకి వెళ్ళిపోయేరాయన. దానమ్మ ఆ దుమ్ము మళ్ళీ ఊడ్చుకుంది.

ఇందులో వింత అని ఎవరూ అనుకోలేదు. తిన్న ఉప్పు ఎవరి నేలలోదైతే కాళ్ళు వాళ్ళ గుమ్మంలోకి వెళతాయి. వెళ్ళకేం చేస్తాయి? జనం మాట్లాడుకున్నదల్లా ఎవరు ఏ రోజు వెళ్ళాలన్నదే. గోనెలు కుట్టేవాళ్ళు సోమవారం వచ్చేవారు. పడవలవాళ్ళు లంగరు వేసినప్పుడు వచ్చేవారు. ద్రాక్షారామం నుంచి ఒక ముసలాయన రెండు రేవులు దాటి వచ్చి, దానమ్మ మేకకి నాలుగు రొబ్బలు ఆకు వేసి, "హమ్మయ్య, ఇప్పటికి మనసు కుదుటపడింది" అని వెళ్ళిపోయేడు. అప్పటికే పదిమంది ఆకు వేసేరు. మేక కడుపుబ్బి పడుకుంది.

దానమ్మకి ఓపిక పోయింది. నీళ్ళు తేవడానికి ఎంతమంది వచ్చేరంటే, బిందెలు నిండేయి, కుండలు నిండేయి, రోలు నిండింది, ఎవరో మహానుభావుడు దీపం బుడ్డిలో కూడా నీళ్ళు పోసేడు. వచ్చినవాళ్ళందరూ పేడతో అలికీ అలికీ వాకిలి గడపంత ఎత్తు లేచింది. ఇంట్లోంచి బయటికి రావాలంటే ఎక్కి రావాల్సి వచ్చేది.

"పనొచ్చినవాడు ఒక్కడూ తినడేంటే ఈ ఉప్పు?" అనేది రూతుతో. "పోనీ నువ్వూ తింటున్నావు గదా, ఒక్కనాడైనా చెప్పిన మాట విన్నావా?"

"నేను నీ పాలు తాగేనమ్మా. ఉప్పు నా మీద పనిచెయ్యదు."

"నోరు మాత్రం బాగా పనిచేస్తుంది."

రెండేళ్ళు అలా గడిచేయి. ఒక రోజు తాసీల్దారు ఆఫీసు బంట్రోతు ఒక కాగితం తెచ్చి, గుమ్మానికి అంటించబోయి, తనూ కంపెనీ ఉప్పే తింటాడు గనక అంటించడానికి చెయ్యి రాక, దాన్ని దానమ్మ చేతిలో పెట్టి, ఆ మిగిలిన బంకతో చూరు కింద పగిలిన కుండకి అతుకు వేసి వెళ్ళేడు.

రూతు చదివింది. కంపెనీకి రెండో బోరు కావాలి. గుడిసె ఉన్నచోటే ఉప్పు దిమ్మ బాగా మందంగా ఉంది. భూమి బంగారరాజుగారిది. దానమ్మ ఖాళీ చెయ్యాలి. ఆమెకేదైనా హక్కు ఉన్నట్లయితే కాగితంతో రుజువు చేసుకోవాలి.

"ఖాళీ చేసి ఎక్కడికి పోవాలిట?"

"అది రాయలేదమ్మా."

ఆ సాయంత్రం దానమ్మ బంగారరాజుగారి లోగిలికి వెళ్ళి, అరుగు కింద నిలబడింది. ఆయన పడక కుర్చీలో ఉన్నారు.

"ఏమే దానమ్మా, ఇలా వచ్చేవు?"

"ఆ నేల పెద్దయ్యగారు ఇచ్చిందండి బాబూ."

"కాగితం ఉందా?"

"మాట ఉందండి."

"మాట ఎవరు విన్నారు?"

"మా ఆయన విన్నాడండి."

"అయితే పిలువు మరి. వచ్చి సాక్ష్యం చెబుతాడు."

లోపల ఎవరో నవ్వేరు. దానమ్మ కొంగు దులుపుకుని వెనక్కి తిరిగింది. ఇంటికొచ్చేక వాకిట్లో అంట్లు తోముతున్న ఇద్దరు హోటలు సర్వర్ల మీద విరుచుకుపడింది. "పొండయ్యా! వందమంది వచ్చి ఊడుస్తారు, ఒక్కడు ఒక్క కాగితం తెచ్చిన పాపాన పోడు! నాకు కావలసింది అరచేయంత కాగితం. అంట్లు నేను తోముకోలేనా?"

వాళ్ళు తలవంచుకుని, "ఆయ్" అని, తోముతూనే ఉన్నారు.

ఈ మొత్తం సీమలో కావాలని ఆ ఉప్పు నోట పెట్టని మనిషి బంగారరాజుగారు ఒక్కరే. ఆయన తెలివైనవారు. గుమాస్తా చీపురు పట్టేడని విన్న రోజునే భార్య అచ్చాయమ్మగారిని పిలిచి, "మనింట్లోకి సముద్రపు ఉప్పు తప్ప మరోటి రాకూడదు" అని చెప్పేరు. ఎక్కడికైనా భోజనానికి వెళితే సొంత ఉప్పు పొట్లం బొడ్లో దోపుకుని వెళ్ళేవారు. పెళ్ళిళ్ళలో పూర్ణాలు, పరమాన్నం తిని లేచేసేవారు. ఊరగాయ వాసన వస్తే ముక్కు మూసుకునేవారు. అంత జాగ్రత్త మనిషి.

గుడిసె పీకడానికి ఆ ఊరివాళ్ళు రారు గనక మెట్టసీమ నుంచి పన్నెండు మందిని పిలిపించేరు. వాళ్ళు గునపాలతో పొద్దున్నే దిగేరు. అయితే పొద్దున్నే దిగినవాళ్ళకి చద్దన్నం పెట్టాలి కదా, వాళ్ళ మేస్త్రీ హోటల్లో పెట్టించేడు. పొద్దెక్కేసరికి పన్నెండు మందీ గుడిసె మీదకెక్కి, పాత కమ్మలు తీసేసి కొత్త కమ్మలు కప్పేరు. కింద నిలబడి దానమ్మ ఒకటే గోల. "మధ్యలో అంత ఎత్తుగా ఎందుకయ్యా? గాలివానకి ఎగిరిపోదూ? ఆ మూల కారుతుంది, చూసుకోరేం?" వాళ్ళు మెట్టవాళ్ళు, తాటాకు ఇళ్ళు తప్ప కొబ్బరికమ్మ కప్పు తెలీదు. ఆ ఏడు వర్షాలకి ఇల్లు మూడుచోట్ల కారింది.

తాసీల్దారుగారి విచారణా అలాగే అయింది. ఆయన వచ్చేరు, కట్టెలు కొట్టేరు, చెమట తుడుచుకుంటూ కూర్చున్నారు.

"నేల మీదేనమ్మా. నాకు తెలుసు. నా కాళ్ళకి తెలుసు."

"అయితే ఆ ముక్క రాయండి బాబూ."

"ఏమని రాయను? ఉప్పు తిన్నాను, కాళ్ళు ఇక్కడికి వచ్చేయి అని రాయడానికి ఫైల్లో చోటు లేదే. కాగితం ఉండాలి. లేదంటే ఇచ్చినప్పుడు చూసిన మనిషి ఉండాలి."

"మరెందుకు కొట్టేరు ఆ కట్టెలు?"

"కొట్టకుండా ఉండలేకపోయేనమ్మా."

కట్టెలు కూడా పొయ్యిలో పట్టనంత పొడుగ్గా కొట్టేరు.

ఫైలు అమలాపురం డిప్యూటీ కలెక్టరుగారి దగ్గరికి వెళ్ళింది. దానమ్మకి కొంచెం ఆశ పుట్టింది గాని, సత్యనారాయణమూర్తిగారు ఊడుస్తూ ఊడుస్తూ ఆ ఆశా తీసేసేరు. "ఆయనకి రక్తపోటండి. డాక్టర్లు ఉప్పు మాన్పించేరు. చప్పిడి కూడేనండి. చాలా నిక్కచ్చి మనిషి. ఆయన ఆర్డరు వేస్తే పోలీసుల్ని కూడా పైనుంచి దింపుతారట, వాళ్ళ తిండి వాళ్ళే తెచ్చుకుంటారట."

"ఇంత లోకంలో నా ఖర్మకి చప్పిడిమనిషే దొరికేడా!" అంది దానమ్మ. విచారణ వచ్చే వేసవికి పడింది. ఓడిపోతే ఆ నెలాఖరుకల్లా గుడిసె ఉండదు. రూతు ట్రంకు పెట్టెలో బట్టలు సర్దడం మొదలుపెట్టింది. దానమ్మ తీసి మళ్ళీ దండెం మీద వేసేది. రూతు మళ్ళీ సర్దేది.

ఆ తొలకరికి చవిటిమెరకని ఆనుకుని ఉన్న బంగారరాజుగారి తోటలో కొబ్బరిచెట్లకి గోతులు తీసేరు. కోనసీమలో చంటిపిల్లకి పాలెంతో కొబ్బరిచెట్టుకి ఉప్పంత. చెట్టు మొదట్లో చుట్టూ పళ్ళెంలా తవ్వి, ఉప్పూ బూడిదా వేసి మట్టి కప్పడం తాతల నాటి పద్ధతి. సముద్రపు ఉప్పు అప్పటికి దొరకడమే కష్టమైంది, పండించేవాళ్ళు కంపెనీకి వచ్చేసేరు కదా. దొరికిన కాస్తా ఇంట్లోకి కావాలి. కంపెనీ నేల మీద ఊడ్చిన మడ్డి ఉప్పు బళ్ళకొద్దీ పడి ఉంది. పాలేరు పెద్దిరాజు వచ్చి, "చెట్లకి కంపెనీ మడ్డి వేసేయమంటారాండి?" అనడిగితే, బంగారరాజుగారు పేపరు చదువుకుంటూ, "చెట్లకేరా, వెయ్యి" అన్నారు.

అంత జాగ్రత్త మనిషికి, తన నోరు తను కాపాడుకున్న మనిషికి, చెట్టు కూడా తింటుందన్న సంగతి తోచలేదు.

సంక్రాంతి దాటేసరికి ఆ తోటలో చెట్లన్నీ తలలు తిప్పేయి. తూర్పున ఉన్నవి పడమటికి, ఉత్తరాన ఉన్నవి దక్షిణానికి, అన్నీ దానమ్మ గుడిసె వైపే వంగేయి. పండిన కాయ నేరుగా కింద పడకుండా కంచె మీంచి ఒక ఊపు ఊగి దానమ్మ వాకిట్లో పడేది. నెత్తి మీద గంప పెట్టుకోకుండా వాకిట్లోకి రావడానికి లేకపోయింది. మేక కొట్టంలోంచి కదిలేది కాదు.

"వీటికీ నేనే దొరికేనా?" అని దానమ్మ ఆ కాయలన్నీ బస్తాకెత్తి, రూతు చేత కామందుగారింటికి తిప్పి పంపించేది. "నీ చెట్లకి బుద్ధి చెప్పుకోమను. ఊడ్చేవాళ్ళ బుర్రలు పగిలితే నన్నంటారు." చెట్లు గాలికి వంగేయనుకుని బంగారరాజుగారు ఆ కాయలు బస్తాలతోనే సంతకి తోలించేవారు.

విచారణ మే నెలలో, వడగాడ్పుల మధ్య వచ్చింది. దానమ్మ, రూతు, వెనకాల రెండొందల మంది వైనతేయ పాయ దాటి అమలాపురం వెళ్ళేరు. అందరూ సాక్ష్యం చెబుతామన్నారు. డిప్యూటీ కలెక్టరుగారు కళ్ళజోడు పైకెత్తి చూసేరు.

"నేల ఇచ్చినప్పుడు మీలో ఎవరైనా అక్కడ ఉన్నారా?"

ఎవరూ లేరు.

"అయితే బయట నిలబడండి."

పెంకుటాఫీసు, పైన పంకా లేదు. బంగారరాజుగారు చెమటతో తడిసిపోయేరు. ఆయన ప్లీడరు మజ్జిగ తెప్పిస్తే వాసన చూసి పక్కన పెట్టేసేరు. అందులో ఉప్పుంటుంది కదా. "ఒరే పెద్దిరాజూ, బొండాలు కొట్టరా, మన తోటవి" అన్నారు. పెద్దిరాజు బండిలో ఇంటినుంచి తెచ్చిన గెల దింపి రెండు కొట్టేడు. రెండూ గటగటా తాగేసి, మూతి తుడుచుకుని, "చిన్న ఉప్పదనం వచ్చిందిరా నీళ్ళకి, బాగుంది" అని లోపలికి నడిచేరు.

రూతు తల్లి మోచెయ్యి పట్టుకుంది. దానమ్మ విదిలించుకుంది. "వదులు, ఉక్కపోస్తుంటే."

డిప్యూటీ కలెక్టరుగారు కలం సిరాలో ముంచేరు. "బంగారరాజుగారూ, సర్వే నెంబరు నూట పద్దెనిమిదిలో ఆ అరెకరం ఎవరిది?"

"మా..." అన్నారు బంగారరాజుగారు. అని ఆగేరు. గొంతు సవరించుకున్నారు. "మా నాన్నగారు ఇచ్చేసేరండి."

ప్లీడరు కండువా పట్టి లాగేడు.

"ఎవరికిచ్చేరు?"

"నతానియేలుకండి. అప్పుడు నాకు పదేళ్ళుంటాయండి. మా నాన్నగారు నన్ను కూడా తీసుకెళ్ళేరండి ఆ చవిటి గట్టు మీదికి. చెంబు నా చేతికిచ్చి, ధార నువ్వే పొయ్యరా, రేపు నేను పోయేక ఇచ్చిన సంగతి నీకైనా గుర్తుంటుంది అన్నారండి. నతానియేలు దోసిలి పట్టేడండి. నేను పై నుంచి, అంటకుండా పోసేనండి." ఆయన కళ్ళు దానమ్మ కాళ్ళ మీద ఉన్నాయి. "సగం నీళ్ళు పక్కన పడిపోయేయండి. చేతులు చాలా వొణుకుతున్నాయి ఆ మనిషికి."

బయట రెండొందల మందీ కిటికీలకి అంటుకుపోయి ఉన్నారు.

"ఈ సంగతి ఇన్నాళ్ళూ మీకు గుర్తుందా?"

"రోజూ గుర్తుందండి."

దానమ్మకి నతానియేలు ఆ నీళ్ళ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. నేల ఇచ్చేరని చెప్పేడు గాని, పిల్లాడు పోసేడనీ, చేతులు వొణికేయనీ చెప్పలేదు. ఆవిడకి ఏడుపు వచ్చింది, దాని వెనకాలే ఒళ్ళు మండింది, రెండిట్లో మంటే ముందు బయటికి వచ్చింది.

"ఈ ముక్క మూడేళ్ళ కిందట ఏడవకూడదుటండీ?" అంది. "నా ఇల్లు కారేది కాదు. నా మేక బతుకు బాగుండేది."

"నిశ్శబ్దం" అన్నారు డిప్యూటీ కలెక్టరుగారు, రాస్తూనే. ఆయన చప్పిడిమనిషి, ఎవరి మొహమూ చూడలేదు. చూసిన సాక్షి దొరికేడు, అంతే. ఆర్డరు రాసి, ముద్ర వేసి, ఒక నకలు దానమ్మ చేతికిచ్చేరు. ఇకమీదట కంపెనీ ఆ నేల గురించి ఏం మాట్లాడాలన్నా ఆవిడతోనే మాట్లాడాలని కూడా అందులో ఉంది. సత్యనారాయణమూర్తిగారు అక్కడికక్కడే వచ్చి, "రెండో బోరు సంగతి మేనేజరుగారు తమరిని అడగమన్నారండి" అన్నారు.

"ముందు మంచినీళ్ళ గొట్టం వేయించమను నా పేటకి, కాలవ నుంచి. అది వచ్చి, నేను ఒక గ్లాసుడు తాగి చూసేక అప్పుడు రమ్మను" అంది దానమ్మ.

"ఆయ్, రాసుకున్నానండి."

తిరిగొచ్చేటప్పుడు పడవలో చోటు లేదు. ఎండ నెత్తిన పేలుతోంది, నీళ్ళ మీద పడి మళ్ళీ కళ్ళల్లో కొడుతోంది. రూతు చెక్క మీద కూర్చుని ఆర్డరు విప్పి చదువుతోంది. తల్లి వినలేదని మళ్ళీ చదివింది. రెండోసారి తల్లి పేరు వచ్చినచోట ఆగింది.

"ఆగేవేం? చదువు."

"నీ పేరమ్మా. దానమ్మ, భర్త నతానియేలు, హక్కుదారు."

"మళ్ళీ అను."

బంగారరాజుగారు అదే పడవలో ఉన్నారు. ఎప్పుడు వచ్చి పక్కన నిలబడ్డారో ఎవరూ చూడలేదు. ఆయన గొడుగు దానమ్మ నెత్తిమీద ఉంది. ఆయన బట్టతల మీద ఎండ తళతళలాడుతోంది. పెద్దిరాజు గొడుగు అందుకోబోతే కసిరి పక్కకి పంపేరు. ఏదో చెప్పాలని రెండుసార్లు నోరు తెరిచేరు.

"దానమ్మగారూ, ఇంకేమైనా..." అన్నారు మూడోసారి.

దానమ్మ ఆయన వైపు తిరగలేదు. ఆవిడ చూపుడువేలు కాగితం మీద, రూతు చూపించిన అక్షరాల కింద మెల్లిగా నడుస్తోంది.

"కొంచెం ఇటు పట్టండి" అంది విసుగ్గా. "ఎండ కాగితం మీద పడుతోంది."